పదికి ఎనిమిది

పై అంతస్తు పద్మావతి చెప్పిందని రాజ్యం మొగుడికి చెప్పింది. పద్మావతికి పాలబూత్ దగ్గర ఎవరో చెప్పారట. ఇస్త్రీ సారలమ్మ కొడుకు దుర్గేష్‌ను షిప్పు ఉద్యోగంలోంచి తీసేశారట. ఊరికే తీసెయ్యలేదట. గదులు సర్దేవాడు కదా, ఎవరో పెద్దింటావిడ వజ్రపుటుంగరం మాయమైందట. పరువు పోతుందని పోలీసుల దాకా పోనివ్వకుండా, పెట్టె చేతికిచ్చి బొంబాయిలో దింపేశారట. "లేకపోతే సెలవని వచ్చినవాడు సెలవైపోయినా ఇంటిపట్టునే ఎందుకుంటాడు, చెప్పండి పిన్నిగారూ" అని అడిగిందట పద్మావతి. అడిగి ఊరుకోలేదు. ఇస్త్రీకిచ్చిన రెండు పట్టుచీరలు ఆ పూటే కిందికి దిగి వెనక్కి తెచ్చేసుకుంది.

పట్టాభిరామయ్య తాగుతున్న కాఫీ కింద పెట్టాడు.

"అందులో 'అట'లన్నీ తీసేస్తే ఏం మిగుల్తుందే?"

"చీరలు మిగుల్తాయి," అంది రాజ్యం. "ఆవిణ్ణి చూసి ఇంకో ఇద్దరు తెచ్చేసుకున్నారు."

ముప్ఫయ్యారేళ్లు లెక్కలు చెప్పిన మనిషికి రుజువు లేని మాట ఒంటికి పడదు. పైగా దుర్గేష్ నాచారం బళ్లో తన చేతికింద చదివినవాడు. పోయిన నెల మొగుడూ పెళ్లామూ ఎక్కిన షిప్పు కూడా వాడు పనిచేసేదే. వాడున్నాడన్న ధైర్యంతోనే ఎక్కారు. బొంబాయి, గోవా, లక్షద్వీపం, కొచ్చి, మళ్లీ బొంబాయి. సూపర్‌వైజర్ను బతిమాలి వాళ్ల గదిని తన వంతులోకి వేయించుకుని, ఆరు రోజులూ సొంతింటివాళ్లలా చూసుకున్నాడు. అలాంటివాడు ఉంగరం తీశాడంటే రెండు రెళ్లు ఐదన్నట్టు.

చెప్పులేసుకుని కిందికి దిగాడు.

సారలమ్మ ఇస్త్రీబండి సెల్లారు గోడ పక్కన, ట్రాన్స్‌ఫార్మర్‌కు నాలుగు గజాల ఇవతల ఉంటుంది. సోమవారం పొద్దున్న ఆ బండి మీద బట్టల మూటలు ఒకదానిమీద ఒకటి గుమ్మటంలా లేచి, వెనక సారలమ్మ తల కూడా కనపడదు. ఇవాళ తలే కాదు, నడుం దాకా కనపడుతోంది. మూడే మూటలు. వాటిలో ఒకటి తనదే.

మూతకు బెజ్జాలు పొడిచిన సీసాతో చొక్కా మీద నీళ్లు చిలకరించి, బొగ్గుల పెట్టెను కాలరు మీద పెట్టి, రెండు చేతులా బరువేసి ఒక్క లాగు లాగింది సారలమ్మ. ఆమె మొగుడు చంద్రయ్య స్కూటరు సీటు మీద కూర్చుని బీడీ నలుపుతున్నాడు. బోల్టుల ఫ్యాక్టరీలో అతనికి మధ్యాహ్నం షిఫ్టు.

"మనవాడేడమ్మా?" అడిగాడు పట్టాభిరామయ్య.

"చర్లపల్లి వోయిండు సార్. రైలు దుప్పట్లు ఉతికేకాడ పనికి రమ్మంటే వోయిండు. ఊకె కూసుంటే ఎట్ల ఎల్తది?"

"షిప్పుకి మళ్లీ ఎప్పుడు?"

సారలమ్మ చొక్కా తిప్పింది. చేతులు మడిచింది, గుండీలు సరిచేసింది, వీపు మీద అరచేత్తో ఒకసారి నిమిరింది. "మీ అంగీలు రేపిస్త సార్," అంది.

"నేనడిగింది అంగీల గురించి కాదు."

"సెప్పరాదే," అన్నాడు చంద్రయ్య పెళ్లాంతో. "ఊరోళ్లంత నోటికొచ్చినట్టు అనవట్టిన్రు. సార్‌కన్న జెప్పు."

"వాడు వద్దన్నడు గద."

"ఏం వద్దన్నాడు?" అన్నాడు పట్టాభిరామయ్య.

చంద్రయ్య బీడీని చెవి మీద పెట్టుకున్నాడు. అటుచూసి, ఇటుచూసి, చివరికి ట్రాన్స్‌ఫార్మర్‌ను చూస్తూ చెప్పాడు. "ఊర్ల ఎవలికి ఎరుకైనా మంచిదే గని, సార్‌కు మాత్రం ఎరుక గావద్దన్నడు."

*

ఆ మాట రాత్రంతా కాల్లో ముల్లులా కలుక్కుమంటూనే ఉంది. మర్నాడు పొద్దున్నే మల్లాపూర్ మీదుగా పోయే షేర్ ఆటో ఎక్కి చర్లపల్లిలో దిగాడు పట్టాభిరామయ్య. కొత్త స్టేషను వెనక రేకుల షెడ్డు. లోపల నలుగురాడవాళ్లు, ముగ్గురు మగవాళ్లు, తెల్లదుప్పట్ల కొండలు. సబ్బు వాసన, ఆవిరి వాసన కలిసి ముక్కులోకి కొడుతున్నాయి.

దుర్గేష్ ఒక పిల్లకు దుప్పటి మడవడం చూపిస్తున్నాడు. "గట్ల గాదు చెల్లె. మూలలు రెండు నీయి, రెండు నాయి. ముందుగాల దులుపు. గాలి వోవాలె. ఇగ దగ్గరికి రా." దుప్పటి ఒక్కసారి తెరచాపలా లేచి, పడి, నాలుగు మడతలై చేతిలో పుస్తకమైంది. రెండు దుప్పట్లు, దిండుగలేబు, చిన్న తువ్వాలు కలిపి ఖాకీ కాగితం సంచీలో తోశాడు. తలెత్తి చూసి చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

"సార్! మీరు గిట్ల ఇంత దూరం..."

"ఉంగరం కథ విన్నావా?"

దుర్గేష్ నవ్వాడు. "విన్న సార్. ఇయ్యాల ఉంగరమే. ఎల్లుండికి వడ్డాణమైతది."

"నవ్వకు. మీ అమ్మ బండి మీద మూడు మూటలున్నాయి. నీకు పిలుపు ఎందుకు రాలేదో చెప్పు."

"మీరు బాధపడొద్దు సార్."

"ముందు చెప్పు. పడాలో వద్దో తర్వాత చూసుకుంటాను."

షెడ్డు బయట టీ బండి దగ్గర బెంచీ మీద కూర్చున్నారు. దుర్గేష్ టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, తాగకుండా, నిదానంగా చెప్పాడు. షిప్పు దిగేటప్పుడు ప్రయాణికుల ఫోనుకు ఒక ప్రశ్నల పత్రం వస్తుంది. భోజనానికెన్ని, ఆటపాటలకెన్ని, గది చూసినవాడికెన్ని, కెప్టెన్‌కెన్ని, పదికి మార్కులు వెయ్యమంటారు. సీజను మొత్తం మార్కులు కూడి సగటు తీస్తారు.

"తొమ్మిది గాని, అంతకెక్కువ గాని ఉంటెనే పాసు సార్. తొమ్మిదికి తక్కువైతే పేరు మీద ఎర్రగీత."

"అంటే ఎనిమిదొస్తే?"

"ఫెయిలు."

"ఎనభై శాతం వచ్చినవాడు ఫెయిలయ్యే లెక్క ఏ దేశంలో ఉందిరా?"

"నేల మీద లేదు సార్. నీళ్ల మీదున్నది."

పట్టాభిరామయ్య టీ గ్లాసు బెంచీ మీద పెట్టాడు. తాను ఎనిమిదేసిన సంగతి ఆయనకు బాగా గుర్తుంది. తొందరపడి వేసింది కాదు. కళ్లద్దాలు తుడుచుకుని, ఆలోచించి, ఇష్టంగా వేశాడు. నూటికి నూరు ఎవడికిచ్చినా వాడు ఆ రోజుతో ఆగిపోతాడని ఆయన నమ్మకం. బళ్లో అందరికీ తెలిసిన సంగతే. పట్టాభి మాస్టారి ఎనిమిది అంటే ఇంకోరి పన్నెండు.

"నా ఒక్కడి ఎనిమిదికేనా ఇంత?"

"ఉత్తగైతే నిలబడుతుండె సార్. ద్వీపం వోలేదు గద మనం. అలలు లేచి, చిన్న పడవలు దింపనియ్యలే కెప్టెన్. ఇసుక మీద ఆడుకుందామని వచ్చినోళ్లు షిప్పు మీంచే చూసి వాపసొచ్చిన్రు. కోపం ఎవని మీద తీస్తరు? నా గదులల్ల నలుగురు ఆరూ ఏడూ ఏసిన్రు. గయినా సీజను సగటు సరింగ తొమ్మిది కాడ ఆగింది. మీది ఆఖరుకు వడ్డది."

"ఎంతయింది?"

"ఎనిమిది పాయింటు తొమ్మిది తొమ్మిది."

లెక్కల మాస్టారు కళ్లు మూసుకున్నాడు.

"మార్కొక్కటే అయితే మా సూపర్‌వైజర్ సర్దుకుంటుండె," దుర్గేష్ గొంతు తగ్గించాడు. "మీరు కింద ఒక మాట రాసిన్రు. మాట రాస్తే హోటల్ డైరెక్టర్ మేడం కాడికి వోతది. షిప్పు నడిపేది కెప్టెనైతే, షిప్పు లోపలున్న మా అందరిని నడిపేది ఆమె."

ఆ మాట కూడా గుర్తుంది ఆయనకు. 'క్యాన్ డూ స్టిల్ బెటర్.'

"ఒరే, అది దీవెనరా! బాగా చదివేవాళ్లకే రాసేవాణ్ణి. మొద్దులకు రాసేవాణ్ణే కాదు!"

"నాకెరుక లేదా సార్? క్లాసుల ఫస్టొచ్చినప్పుడు నా కార్డు మీద గదే రాసిన్రు. మా నాయిన అందరికి చూపెట్టుకుంట తిరిగిండు." దుర్గేష్ చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు. "ఆమెకెట్ల ఎరుకైతది? పనిల లోపముందని చదువుకున్నది. శనివారం కొత్త లిస్టు తీస్తరు. ఆ లిస్టుల నా పేరు లేకుంటే ఈ సీజను లేనట్టే. సూపర్‌వైజర్ ట్రైనింగు గుడ వోతది. పోతే పోనీ సార్, మీరు ఫికర్ వెట్టుకోకున్రి. దుప్పటి ఏడున్నా దుప్పటే."

అని లేచి పనిలోకి పోయాడు. పోయేముందు టీ డబ్బులు వాడే ఇచ్చేశాడు.

*

బుధవారం పది గంటలకల్లా ఉప్పల్ రింగురోడ్డులో విజయభాస్కర్ ఆఫీసు మెట్లెక్కుతున్నాడు పట్టాభిరామయ్య. కళ్లజోళ్ల షాపు పైన రెండు గదులు. కిటికీ తెరిస్తే మెట్రో రైలు ఒళ్లోకి వచ్చినట్టుంటుంది. టూరు టికెట్లు కొన్నది ఇక్కడే.

"ఆ మార్కులు దిద్దాలి," అన్నాడు కూర్చోకుండానే.

"బంద్ అయిపోయింది సార్. ఏసిన ఓటు లెక్క. మళ్లీ పెట్టె తెరవరు." విజయభాస్కర్ కుర్చీ చూపించాడు. సంగతంతా విన్నాడు. "ఇరవయ్యేండ్ల సంది టూర్లు అమ్ముతున్న సార్. షిప్పు ఎంత పెద్దగుంటే ఏంది, జనం రెండే చూస్తరు. ఏడికి తోలుకపోతున్నరు, ఎవలు తోలుకపోతున్నరు. ఊరు తప్పిపోతే కెప్టెన్ మాట మంచిగుండాలె. కెప్టెన్ మూతి ముడుసుకుంటే ఊరన్న మంచిగుండాలె. రెండూ లేకుంటె నా ఆఫీసు అద్దాలు పలుగుతయి."

"ఈ కెప్టెన్ మంచివాడే. భోజనాల హాల్లోకి దిగొచ్చి, అందరి ఎదుటా నిలబడి చెప్పాడు. నిర్ణయం నాది, తిట్టదలచుకుంటే నన్ను తిట్టండి అన్నాడు."

"తిట్టిన్రా?"

"చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను."

"చూసిన్రా మరి! తెల్లబట్టలేసుకుని, భుజం మీద బంగారు గీతలున్నోణ్ణి ఎవడు తిడతడు? గదికి వోయినంక కోపమొస్తది. ఆడెవడు దొరుకుతడు? బకెటు పట్టుకున్నోడు. అత్త మీది కోపం దుత్త మీద." విజయభాస్కర్ కంప్యూటర్ తన వైపుకు తిప్పుకున్నాడు. "ఒక పని చేయున్రి. మార్కులు దిద్దుడు కాదు గని, ఉత్తరం రాయున్రి. కెప్టెన్‌కు, హోటల్ డైరెక్టర్‌కు ఇద్దరికి. నేను పంపిస్త. పెద్దాఫీసర్లు తల్చుకుంటే పెట్టె గూడ తెరుస్తరు. మీరేసిన పత్రం కాపీ కంపెనీని అడిగి మీ ఫోనుకు పంపిస్త, జత చెయ్యున్రి."

ఇంటికొస్తూనే బోడుప్పల్‌లో ఉండే పాత శిష్యుడు లక్ష్మీకాంత్‌కు ఫోను చేశాడు మాస్టారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఆ రోజు ఇంటి నుంచే పని. గంటలో తన బడినాటి ప్రోగ్రెస్ కార్డు పట్టుకొచ్చాడు. వాళ్లమ్మ ప్లాస్టిక్ కవరులో పెట్టి దాచింది. లెక్కలు తొంభైఎనిమిది, క్లాసులో ఫస్టు, కింద తన అక్షరాలే: క్యాన్ డూ స్టిల్ బెటర్.

"ఇది చూసి మూడు రోజులు అన్నం తిన్లేదు సార్ నేను," అన్నాడు లక్ష్మీకాంత్ నవ్వుతూ. "ఇంకేం జెయ్యాల్నో సమజ్ గాలే."

మాస్టారు ఆ నవ్వు పట్టించుకోలేదు. ఇంతకన్న రుజువేం కావాలి? ఫుల్‌స్కేప్ కాగితం తీశాడు. ఎడమవైపు మార్జిను మడిచాడు. వంకరలేని ఇంగ్లీషులో మొదలుపెట్టాడు: అయ్యా, ముప్ఫయ్యారేళ్ల నా ఉద్యోగ జీవితంలో ఏ ఒక్కరికీ పూర్తి మార్కులు వేసి ఎరగను. ఇది నా నియమం. ఇందులో దుర్గేష్ తప్పేమీ లేదు, అలాగే నా తప్పు కూడా...

*

సాయంత్రం విజయభాస్కర్ పంపిన కాపీ ఫోనులోకి వచ్చింది. అక్షరాలు చీమల్లా ఉన్నాయి. కళ్లజోడు మార్చుకున్నా ఆనలేదు. చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న రాజ్యం చెయ్యి తుడుచుకుని ఫోను తీసుకుంది.

"చదువుతాను, రాసుకోండి. భోజనం, ఏడు. సంగీతం, ఆరు. గది చూసే మనిషి, ఎనిమిది. కెప్టెన్..." ఆగింది. ఫోను కొంచెం దూరం జరిపి, మళ్లీ దగ్గరికి తెచ్చుకుంది.

"చదువు."

"పది."

"సరిగ్గా చూడు."

"ఒకటీ, పక్కన సున్నా. పదే కదూ?"

మాస్టారు ఫోను లాక్కుని కంటికి ఆనేంత దగ్గరగా పెట్టుకున్నాడు. ఒకటీ, పక్కన సున్నా. కింద ఒక మాట కూడా ఉంది. 'ఎక్సలెంట్. ఎ పర్ఫెక్ట్ జెంటిల్మన్.' రాసింది తనే. సందేహం లేదు. పర్ఫెక్ట్ అన్న మాట ఆయన ఎవరికీ రాసి ఎరగడు కాబట్టి ఆ మాట కేసి ఎవరిదో కొత్త దస్తూరీని చూసినట్టు చూస్తూ ఉండిపోయాడు.

రాజ్యం మళ్లీ చిక్కుడుకాయలందుకుంది. ఈనె తీసి, కాయ విరిచి, గిన్నెలో వేసి, తలెత్తకుండానే అంది.

"ద్వీపం పోలేదన్న మధ్యాహ్నం నాకు కడుపులో తిప్పి, మంచం మీంచి లేవలేకపోయాను, గుర్తుందా?"

"ఉంది."

"ఏం గుర్తుంది? మీరు లేరుగా. పై డెక్కు మీద కెప్టెన్‌తో ఫోటో దిగడానికి లైన్లో ఉన్నారు. గంటసేపు." కాయ విరిచింది. "ఆ పిల్లాడు పచ్చ ఆపిల్ కోసి ముక్క ముక్క ఇచ్చాడు. అది తింటే తిప్పు తగ్గుతుందట. నేను కక్కుకున్న చీర కొంగు, వద్దురా నాయనా అంటున్నా వినకుండా, వాడే ఉతికి ఆరేశాడు. మీరొచ్చి ఫోటో చూపించారు."

"నాకు చెప్పలేదేం?"

"చెప్పాను. బాగానే చూసుకున్నాడన్నమాట అన్నారు."

పట్టాభిరామయ్య రాసిన కాగితం చూశాడు. ఏ ఒక్కరికీ పూర్తి మార్కులు వేసి ఎరగను. ఆ వాక్యం కింద ఎర్రసిరాతో సున్నా చుట్టాలనిపించింది. లక్ష్మీకాంత్ కార్డును కవరులోకి తోసి పక్కన పెట్టేశాడు. అది ఇప్పుడు దేనికీ రుజువు కాదు. నియమం ఉన్నవాడికే కదా రుజువు.

కొత్త కాగితం తీసి, మళ్లీ మార్జిను మడిచాడు. ఈసారి వంకర్లూ కొట్టివేతలూ చాలా పడ్డాయి. గురువారం మధ్యాహ్నానికి గాని ఒక పేజీ కాలేదు.

కెప్టెన్‌గారూ, ద్వీపానికి పోకూడదన్న నిర్ణయం నాది అని మీరు అందరి ముందూ చెప్పారు. అది గొప్ప మాట. అయితే ఆ నిర్ణయం వల్ల తగ్గిన మార్కులు కూడా మీవే కావాలి. అవి గదులు తుడిచేవాళ్ల పేర్ల మీద ఎందుకున్నాయో కనుక్కోండి. ఇక నేను దుర్గేష్‌కు వేసిన ఎనిమిది సముద్రం వల్ల తగ్గింది కాదు, నా వల్ల తగ్గింది. మీ భుజాల మీది గీతలు చూసి మీకు పదేశాను. వాడు నా ముందు చేతులు కట్టుకుని పెరిగినవాడని చూసి వాడికి ఎనిమిదేశాను. పని చూసి వేసిన మార్కు ఒక్కటీ లేదు. నా భార్యకు జబ్బు చేసిన మధ్యాహ్నం వాడేం చేశాడో కింద రాస్తున్నాను. నేనక్కడ లేను గనక ఆమె చెప్పగా రాస్తున్నాను.

కింద రాజ్యం చెప్పింది చెప్పినట్టు రాశాడు. ఆపిల్ ముక్క దగ్గర "పచ్చది అని రాయండి, ఎర్రది కాదు" అని ఆమె దిద్దించింది కూడా. విజయభాస్కర్‌కు ఫోటో తీసి పంపేసరికి నాలుగయింది.

*

శుక్రవారం పొద్దున్న ఎనిమిదింటికి సెల్లారులో సందడి ఎక్కువ. ఆఫీసులకు పోయేవాళ్లు బళ్లు తీసే వేళ. పద్మావతి కూరగాయల సంచితో లోపలికి వస్తోంది. పట్టాభిరామయ్య ఇస్త్రీబండి పక్కన నిలబడి, క్లాసులో వెనక బెంచీ దాకా వినపడే గొంతు బయటికి తీశాడు.

"అమ్మా పద్మావతీ, ఒక్క నిమిషం. బాబూ, మీరూ ఆగండి. దుర్గేష్ షిప్పులో ఏమీ తియ్యలేదు. ఉంగరమూ లేదు, గింగరమూ లేదు. ఆ షిప్పులో వాడికి మార్కులు తక్కువ పడ్డాయి. తక్కువేసింది నేను. తప్పుగా వేశాను. అంతే సంగతి."

ఒకాయన హెల్మెట్ పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. పద్మావతి "అయ్యో, నేనేమన్నానండీ మాస్టారూ, వాళ్లూ వీళ్లూ అంటే..." అని లిఫ్టులోకి పోయింది. సారలమ్మ మాత్రం పెట్టె మూత తీసి, బొగ్గులు ఊది, మూతేసి, పని చేసుకుంటూనే ఉంది. ఆమె ముఖంలో సంతోషం లేదు, కోపమూ లేదు. కాలిన పెట్టె మీద నీటిచుక్క వేసి చుయ్యిమన్న చప్పుడు విని వేడి చూసుకుంది.

"గంత మంది ముంగట ఎందుకు సార్," అన్నాడు చంద్రయ్య నెమ్మదిగా. "పెద్ద మనుషులు మీరు."

"వాడి గురించి అంతమంది ముందే అనుకున్నారు కదయ్యా."

పదింటికి లిఫ్టు దిగి పద్మావతి పట్టుచీరలు రెండూ తెచ్చి బండి మీద పెట్టింది. "తొందరేం లేదు సారలమ్మా," అంది. "అంచు జాగ్రత్త."

"ఎప్పుడన్న కాలవెట్టిన్నా అమ్మా?" అంది సారలమ్మ.

*

శనివారం సాయంత్రం దాకా ఏ కబురూ లేదు. పట్టాభిరామయ్య ఆ రోజు మూడుసార్లు ఫోను చార్జింగు పెట్టాడు. ఐదున్నరకు విజయభాస్కర్ ఫోను చేసి, "ఉత్తరమొచ్చింది సార్, పంపిస్తున్న, చదువున్రి" అని పెట్టేశాడు. మాస్టారు ఫోను రాజ్యం చేతికే ఇచ్చాడు. ఇద్దరూ బాల్కనీ వెలుతుర్లోకి పోయారు.

రాసింది హోటల్ డైరెక్టర్. మాస్టారి ఉత్తరాన్ని కెప్టెన్ ఆఫీసర్ల మీటింగులో పైకి చదివించాడట. ఆ ప్రయాణంలో ద్వీపం తప్పిన రోజు నుంచి ఎవరెవరి మార్కులు ఎంత తగ్గాయో తీయించి చూస్తే, గదులు చూసేవాళ్లవి, బల్లల దగ్గర వడ్డించేవాళ్లవి తప్ప ఇంకెవరివీ తగ్గలేదట. ఆ ప్రయాణం మార్కులను వాళ్లందరి లెక్కలోంచి తీసెయ్యమని కెప్టెన్ సంతకం పెట్టాడు. అరవైమందికి పైగా ఉన్నారట. 'ఇంకా మెరుగుపడగలడు అన్న మాటను నేను తొందరపడి ఫిర్యాదుగా చదివాను' అని ఆవిడ సొంతంగా ఒక వాక్యం రాసింది. దుర్గేష్ పేరు లిస్టులో ఉంది. ఇరవయ్యో తారీఖు బొంబాయిలో చేరాలి. ట్రైనింగు సంగతి చేరాక, పని చూసి. చివర కెప్టెన్ మాటగా ఇంకో రెండు వాక్యాలు: తనకు వేసిన పదిలో ఒకటి తగ్గించమన్నాడు, ద్వీపం చూపించలేదు గనక. దుర్గేష్‌కు మాస్టారు ఇప్పుడు ఎంత వేస్తారో, రికార్డులో ఉంచడానికి, తిరుగుటపాలో రాయమన్నాడు.

"రాయండి," అంటూ రాజ్యం ఫోను ఆయన చేతికిచ్చింది.

పట్టాభిరామయ్య వేలు ఒకటి మీద ఆగింది. ఒకటి కొట్టాడు. తర్వాత సున్నా కొట్టడానికి, ముప్ఫయ్యారేళ్లు ఆ వేలిని పట్టుకుని వెనక్కి లాగినట్టయింది. కొట్టాడు. పంపేశాక ఫోను బల్ల మీద పెట్టి, కూర్చుని, కండువాతో ముఖం తుడుచుకున్నాడు. లోపల ఏదో తేలికైంది. ఆ తేలికతోనే లేచి, "పద, కిందికి పోదాం," అన్నాడు. "వాళ్లకు మనమే చెప్పాలి."

సారలమ్మ ఆఖరి చీర మీద ఉంది. బండి మీద మూటలు తొమ్మిదో పదో ఉన్నాయి. చర్లపల్లి నుంచి అప్పుడే వచ్చిన దుర్గేష్ బొగ్గుల బస్తా మూతి కడుతున్నాడు. వాడి ఫోనుకు కంపెనీ కబురు ముందే వచ్చేసిందని ముఖం చూస్తేనే తెలుస్తోంది. చంద్రయ్యకు శనివారం సెలవు; స్కూటరు మీద కూర్చుని ఆ కబురును నాలుగోసారో ఐదోసారో చదివించుకుంటున్నాడు.

"సార్!" అని దుర్గేష్ చేతులకు మసి ఉందని చూసుకోకుండా మాస్టారి కాళ్లకు వంగబోయాడు. పట్టాభిరామయ్య భుజాలు పట్టుకుని లేపాడు. రాజ్యం వాడి తల మీద చెయ్యి పెట్టింది.

"లిస్టులో పేరుంది సార్. ఇరవై తారీఖు! మా గదులోళ్లంత ఫోన్లు జేస్తున్నరు, అందరియి తీసేసిన్రట!"

"మీ రుణం ఎట్ల తీర్సుకుంటం సార్," అన్నాడు చంద్రయ్య, స్కూటరు దిగి చేతులు జోడించి.

"రుణం లేదు, గిణం లేదు చంద్రయ్యా. నా తప్పు నేను దిద్దుకున్నాను." మాస్టారు గొంతు సవరించుకున్నాడు. ఇన్నేళ్లూ తాను దాచిపెట్టుకున్నదేదో ఇప్పుడు తీసి చేతిలో పెడుతున్నవాడిలా, సారలమ్మ వైపు తిరిగి, ప్రతి మాటా విడదీసి చెప్పాడు. "అమ్మా, నా జీవితంలో నా విద్యార్థి ఎవడికీ వెయ్యని మార్కు ఇవాళ మీవాడికి వేశాను. పదికి పది."

సారలమ్మ చీర అంచును రెండు వేళ్లతో లాగి చూసుకుంది. చిన్న ముడత కనపడితే దాని మీద మళ్లీ ఒకసారి పెట్టె నడిపింది. చీరను నాలుగు మడతలు పెట్టి, పైమడత మీద అరచెయ్యి వేసి, మాస్టారి ముఖంలోకి చూసింది.

"మీరెయ్యకముందు గూడ అది పదే ఉండె సార్."